అమావాస్య తర్వాత విదియ, తొమ్మిది గంటల బోటు

శ్రీకాకుళం వైపు ఉండే మా మేనత్త ఫోన్ చేసిందంటే చాలు, రైళ్ళ గోడు మొదలు. ఆవిడకి మోకాళ్ళు పోయి నాలుగేళ్ళయింది, వాకర్ పట్టుకుని నడుస్తుంది. "రైలు రద్దు సేసేసారే అమ్మా! మరో రైలని ఇంకో ప్లాట్‌ఫారం మీదకి పొమ్మన్నారు. నేను ఆ మెట్లెక్కేలోపు అదీ ఎల్లిపోనాది" అంటుంది. నేను అండమాన్లో పుట్టి పెరిగినదాన్ని. ఇక్కడ పట్టాలే లేవు, రైలు మొహం ఇంతవరకూ చూడలేదు. అయినా అత్త బాధ ఆవిడ పక్కింటివాళ్ళకంటే నాకే బాగా తెలుసు. మాకు రైలు లేకపోతేనేం, ఫెర్రీ ఉంది. అదీ ఆగిపోతుంది.

మా ఊరు సముద్రపు పాయకి ఇవతల, పోర్ట్ బ్లెయిర్ అవతల. మా జెట్టీ మీద నిలబడితే ఎదర ఒడ్డున తిరిగే స్కూటర్లు కూడా కనిపిస్తాయి. దాటడానికి పావుగంట. లారీలూ బస్సులూ ఎక్కే పెద్ద ఫెర్రీ ఒకటి రోజంతా అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. దాని ముందు తలుపు వాలి నేలకి ఆనుతుంది. లారీలు ఎక్కుతాయి, మోటార్ సైకిళ్ళు ఎక్కుతాయి, ఒక్కోసారి ఆవులు కూడా ఎక్కుతాయి, వాటి వెనక నేను ఎక్కుతాను. నాలుగో ఏట వచ్చిన జ్వరం నా కాళ్ళని తీసుకుపోయింది. అప్పట్నుంచీ చక్రాల కుర్చీయే. ఆ ఫెర్రీలో మాత్రం ఎవరి చెయ్యీ అక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. నా చక్రాలు నేనే తిప్పుకుంటూ వెళ్ళి లారీకీ లారీకీ మధ్య ఆపుకుంటాను.

అవతల ఒడ్డున ఒక బడిలో తెలుగు సెక్షన్‌కి నేను టీచర్ని. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగిస్తారు. సెక్షన్లో పద్దెనిమిది మంది పిల్లలు. అందరి తాతలూ మా తాతలాగే వైజాగ్, శ్రీకాకుళం ఒడ్డుల నుంచి వలలు పట్టుకుని వచ్చినవాళ్ళే. పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు, మధ్యలో హిందీ కలిపేస్తారు, పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పడిపోతుంది. "మిస్, యే వాలా అక్షరం కిత్నా గోల్ హై, పెన్సిల్ ఎక్కడ ఆపాలో తెలీట్లేదు" అని గోల. వాళ్ళని తిడతాను, నవ్విస్తాను, మళ్ళీ తిడతాను. ఆ బడి నాకు ప్రాణం.

ఆ ఏడు వానలు మొదలయ్యాక పెద్ద ఫెర్రీని రిపేరుకి పంపారు. తిరిగి ఎప్పుడొస్తుందో బోర్డు మీద రాయలేదు, "తదుపరి ఉత్తర్వుల వరకు" అని మాత్రం రాశారు. బదులుగా ఒక చిన్న బోటు వేశారు. మనుషులకి మాత్రమే. నేనైతే మనిషినే, నా కుర్చీ సంగతే ఎవరూ ఆలోచించలేదు. ఆ బోటు జెట్టీకి పక్కన ఆగుతుంది. నీళ్ళు తక్కువున్నప్పుడు ఎక్కడో కింద ఉంటుంది, పాచి పట్టిన మెట్లు దిగి అందులోకి దూకాలి. కాళ్ళున్నవాళ్ళే "అమ్మో" అంటూ దిగుతారు.

మొదటి రోజు నేను జెట్టీ అంచున ఆగి ఆలోచిస్తున్నాను. ఆలోచన తెమలక ముందే వెనక నుంచి "అరే, దీదీకో ఉఠావ్!" అని ఎవరో అరిచారు. అంతే. నలుగురు మీద పడ్డారు. ఒకడు ఒక చక్రం ఎత్తాడు, రెండోవాడు ఇంకా ఎత్తలేదు. కుర్చీ పక్కకి ఒరిగింది. ఇంకొకడు, మేస్త్రీ పనికి వెళ్ళే దిట్టమైన మనిషి, ఇలా లాభం లేదని నా చంకల కింద చేతులేసి అమాంతం పైకి లాగేశాడు. టిఫిన్ డబ్బా సముద్రంలో పడింది. చీర మోకాళ్ళ పైకి పోయింది. నన్ను బోటులో బల్ల మీద కుదేసి, "హో గయా!" అని చేతులు దులుపుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు శభాష్ అన్నారు, నన్ను కాదు, వాణ్ణి.

నా ఒళ్ళు మండిపోయింది. "నేను బియ్యం బస్తానా? అడగాలని తెలీదా?" అని తెలుగులో మొదలెట్టి హిందీలో ముగించాను. ఆ మేస్త్రీ తెల్లబోయాడు. "మదద్ కియా, దీదీ" అన్నాడు. సాయమే చేశాడు, నిజమే. అందుకే ఇంకా మండింది. సాయం చేసినవాణ్ణి తిట్టిన పొగరుబోతునని పేరు నాకే వచ్చింది. ఇకమీదట చచ్చినా బయటివాళ్ళెవర్నీ నన్ను ముట్టుకోనివ్వనని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాడు బస్సు పట్టాను. ఎదురుగా కనిపిస్తున్న ఊరికి ఫెరార్గంజ్ మీదుగా, తుష్నాబాద్ మీదుగా, సిప్పీఘాట్ మీదుగా కొండలన్నీ చుట్టి వెళ్ళాలి. మా తమ్ముడు నన్ను బస్సులో కూర్చోబెట్టి కుర్చీని వెనక డిక్కీలో తోశాడు. దిగేసరికి కుర్చీ కాళ్ళు పెట్టుకునే రేకు వంకర, నా నడుం వంకర. బడికి చేరేసరికి మూడో పీరియడ్ గంట కొడుతున్నారు. అలా వారం రోజులు. సగం రోజుల్లో బస్సు నిండిపోయి నన్ను ఎక్కించుకోలేదు కూడా.

వారం చివర హెడ్‌మేడం పిలిచింది. ఆవిడ చెడ్డది కాదు, మొహమాటం లేని మనిషి. "చూడండి, ఈ సోమవారం కాక పై సోమవారం పదింటికి పైనుంచి ఆఫీసరు వస్తున్నారు. తెలుగు సెక్షన్ ఉంచాలా, హిందీలో కలిపేయాలా అని చూసి రాసుకుంటారు. మీరు లేని రోజుల్లో పిల్లలు హిందీ క్లాసులోనే కూర్చుంటున్నారు కదా, అది ఆయన చెవిన పడింది. ఆ రోజు పదింటికి మీరు తరగతిలో లేకపోతే నేనేం చెప్పినా ఆగదు" అంది. సెక్షన్ పోతే నా ఉద్యోగమూ పోతుంది. అది ఆవిడ అనలేదు, అనక్కర్లేదు కూడా.

ఇంటికొచ్చి మొహం మాడ్చుకుని కూర్చున్నాను. మా అయ్య, అంటే మా నాన్న, ఇంకా వేటకి వెళ్తాడు. వల బాగు చేసుకుంటూ సంగతంతా విన్నాడు. విని, "దీనికి ఏడుపెందుకే? నీలొచ్చినప్పుడు ఎక్కు, నీలు లేనప్పుడు ఎక్కకు" అన్నాడు.

నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత బుర్ర పనిచేసింది. పోటు నిండుగా ఉన్నప్పుడు బోటు పైకి లేస్తుంది. అమావాస్యకీ పున్నమికీ ఆ రోజుల చుట్టూనూ దాని అంచు జెట్టీతో సమానంగా వచ్చేస్తుంది. అప్పుడొక చెక్క పలక వేస్తే కుర్చీ దొర్లుకుంటూ వెళ్ళిపోతుంది, ఎవరూ ఎత్తక్కర్లేదు! సముద్రం పక్కన పుట్టి, జాలరి కూతురునై ఉండి, నాకింతవరకూ తట్టలేదు. పెద్ద ఫెర్రీ అలవాటులో నీళ్ళ వంక చూడటమే మానేశాను.

"అయ్యా, పోటు లెక్క చెప్పు" అన్నాను. అయ్య గొంతు సవరించుకుని మా ఇంట్లో తాత నాటి నుంచీ ఉన్న మాట అప్పజెప్పాడు. "అమాసకీ పున్నానికీ పొద్దు బారెడెక్కితే గట్టు నిండు. ఆపైన రోజుకి రెండు గడియలు ఆలీసం." గోడ మీది తెలుగు క్యాలెండర్ దించి, తిథులు చూసి, బారెడు పొద్దంటే ఎనిమిది గంటలు అనుకుని, రోజుకి నలభై ఎనిమిది నిమిషాలు కలుపుకుంటూ ఒక కాగితం మీద గళ్ళు గీశాను. ఆఫీసరు వచ్చే సోమవారం విదియ. తొమ్మిదిన్నర దాటాక నిండు పోటు. తొమ్మిది బోటుకి జానెడు తక్కువుంటుంది, పలక వేసుకుంటే సరి. తొమ్మిదింపావుకి అవతల, పదికి ముందే తరగతిలో. మొదటిసారి నా బతుకు చంద్రుడి చేతిలో పెట్టి హాయిగా అన్నం తిన్నాను.

త్రయోదశి నాడు ఎనిమిదిన్నర బోటుకి వెళ్ళాను. బోటూ జెట్టీ సమానం! బోటు నడిపే సరంగు భయ్యాని పలక అడిగాను. లోపల్నుంచి ఒకటి తీసి వేశాడు. నా చక్రాలు నేనే తిప్పుకుంటూ ఎక్కేశాను. అక్కడే ఒక చాచా ఉండేవాడు. రంపపు మిల్లులో పనిచేసి రిటైరైనవాడు, షుగరు వల్ల ఒక కాలు తీసేశారు. వ్యాయామం కోసం రోజూ ఆసుపత్రికి వెళ్ళేవాడు. మామూలుగా కర్రలు ముందు విసిరేసి మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటే జారుతూ దిగేవాడు. నా పలక చూసి, "బేటీ, యే తో వీఐపీ రాస్తా హై!" అని నా వెనకే ఠీవిగా వచ్చేశాడు. చతుర్దశి నాడూ అంతే. సాయంత్రాలు నీళ్ళు తీసేస్తాయి కాబట్టి తిరిగి రావడం మాత్రం తమ్ముడితో బస్సులోనే. అమావాస్య శనివారం పడింది, బోటు జానెడు కిందుంది గానీ ఏం ఫరవాలేదు. ఆదివారం సెలవు. నా కాగితం చూపించి చాచా దగ్గర డప్పు కొట్టుకున్నాను కూడా.

సోమవారం మంచి చీర కట్టుకుని, పాఠం ఛార్టు చుట్టి ఒళ్ళో పెట్టుకుని తొమ్మిదికి పది నిమిషాల ముందే జెట్టీ మీదున్నాను. కిందికి చూశాను. బోటు మూరెడు పైనే కిందుంది. పలక వేస్తే జారుడుబల్లే.

"భయ్యా, పానీ కబ్ ఆయేగా?" అన్నాను. సరంగు నీళ్ళ వంక చూసి, "గ్యారా కే బాద్, దీదీ" అన్నాడు. పదకొండు దాటాక! నా కాగితం తీసి చూపించాను, నీళ్ళదే తప్పన్నట్టు. ఆయన కాగితాన్ని కాదు, నన్ను జాలిగా చూశాడు.

తప్పెక్కడో తర్వాత తెలిసింది. ఆ మాట మా తాత శ్రీకాకుళం ఒడ్డు నుంచి వలతో పాటు తెచ్చుకున్నది. అక్కడి రేవుకి అక్కడి పొద్దుతో కట్టిన లెక్క. ఇక్కడ పొద్దు ముందే పొడుస్తుంది, పోటు వెనకొస్తుంది. నేను దాన్ని నమ్మి గడియారానికి తగిలించాను. మొదటి మూడు రోజులూ పోటు ఎలాగూ ఆ ప్రాంతాల్లోనే ఉండటంతో తప్పు బయటపడలేదు. "మరి తెలిసీ ఎందుకు చెప్పావయ్యా?" అని అయ్య మీద ఎగిరాను. "నువ్వు నెక్క సెప్పమన్నావు, సెప్పాను. నీలెప్పుడొత్తాయని అడిగితే అది సెప్పేవోణ్ణి. నేనెప్పుడైనా ఆ నెక్క సూసి ఏటకెల్లానేటి?" అన్నాడు. ఏమనాలి ఆ మనిషిని!

సరే, ఆ ఉదయం సంగతి. తొమ్మిది కావస్తోంది. పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా కనిపిస్తోంది. పద్దెనిమిది మంది పిల్లలు ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చి ఉంటారు. తర్వాత బోటు పదింటికి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జెట్టీ మీద జనం నన్ను చూస్తున్నారు గానీ ఎవరూ దగ్గరికి రావడం లేదు. మొదటి రోజు నా నోరు విన్నవాళ్ళే అందరూ. ఆ మేస్త్రీ అయితే మరీ దూరంగా జరిగి నిలబడ్డాడు.

చాచా అప్పటికే మెట్ల మీద కూర్చుని సగం దిగాడు. అక్కణ్ణుంచే తలెత్తి, "బేటీ, గుస్సా మత్ కర్. హుకుం కర్" అన్నాడు.

కోపం కాదు, హుకుం ఇయ్యి అని. ఆ మాట తగలగానే నాకు మా రేవు గుర్తొచ్చింది. వేట నుంచి వచ్చిన బోటుని మావాళ్ళు ఇసక మీదికి లాగేటప్పుడు ఒకరు పక్కన ఉండి పదం అందుకుంటారు. వాళ్ళు తాడు ముట్టుకోరు. పదం లేకుండా లాగితే ఒకడు ముందు, ఒకడు వెనక, బోటు పక్కకి తిరగబడుతుంది. లాగడానికి పనికిరాని చిన్నపిల్లనని నన్ను పీపా మీద కూర్చోబెట్టి ఆ పని నాకే అప్పగించేవారు. పదేళ్ళ నా గొంతుకి పాతిక మంది మగాళ్ళు కదిలేవారు. అప్పుడు ఆ బోటుకి ఏ అవమానమూ కలగలేదు, లాగేవాళ్ళకీ కలగలేదు. మరి నాకెందుకు?

"భయ్యా, ఒక్క ఐదు నిమిషాలు ఆపు" అని సరంగుకి చెప్పి, జనం వైపు తిరిగి హిందీలో అందుకున్నాను. "నలుగురు కావాలి. ముట్టుకునే ముందు నా మాట వినండి." ముగ్గురు వచ్చారు. నేను ఆ మేస్త్రీని పిలిచాను. "మీరూ రండి భయ్యా. మీరే బలమైనవారు." ఆయన మొహమాటంగా వచ్చాడు. "చేతులు ఆనించుకునే ఈ కర్రలు పట్టుకోవద్దు, ఊడొస్తాయి. మీరిద్దరూ వెనక రాడ్డు, కింద. మీరిద్దరూ ముందు గొట్టాలు. నన్నెవరూ పట్టుకోకూడదు, కుర్చీనే పట్టుకోవాలి. నేను హైలెస్సో అంటే పట్టు బిగించండి, కదలొద్దు. హైలెస్సా అని మీరందరూ అన్నప్పుడే అడుగు. ఒక్క మాటకి ఒక్క మెట్టు." చక్రాలకి బ్రేకులు వేశాను. నడుంకి చున్నీతో బిగించి కట్టుకున్నాను. ఆ చున్నీ ఎవరో అమ్మాయి ఇచ్చింది.

"హైలెస్సో..." అన్నాను.

"హైలెస్సా!" అన్నారు. మేస్త్రీది హిందీ, ఒకడిది రాంచీ వైపు మాట, ఒకడిది బెంగాలీ, ఇంకొకడిది తమిళం. ఆ మాట వాళ్ళ నోళ్ళలో నాలుగు రకాలుగా పలికింది. కుర్చీ మాత్రం నాలుగు మూలలా ఒక్కసారే లేచి ఒక్కసారే దిగింది. మళ్ళీ హైలెస్సో. మళ్ళీ మెట్టు. మూడో మెట్టుకి జెట్టీ మీదున్నవాళ్ళు కూడా అందుకున్నారు. చివరి మెట్టు నుంచి బోటులోకి దాటేటప్పుడు అల వచ్చి బోటు ఊగింది. "ఆగండి!" అన్నాను. ఆగారు, నలుగురూ, ఊపిరి కూడా బిగబట్టి. అల తగ్గాక హైలెస్సో అన్నాను. కుర్చీ బోటులో ఆనింది, నేను అందులోనే ఉన్నాను, చీర కుచ్చిళ్ళు చెదరలేదు. చాచా కర్రతో బల్ల మీద దరువేశాడు.

అవతల దిగడం అంటే పైకెక్కడం, అది ఇంకా కష్టం. కానీ ఈసారి నేను పిలవక ముందే ఆ నలుగురూ తమ తమ మూలల్లో నిలబడి నా నోటి వంక చూస్తున్నారు. ఆ చూపు నాకెంత బాగుందో చెప్పలేను.

పదికి రెండు నిమిషాల ముందు తరగతిలో ఉన్నాను, దారిలో పట్టుకున్న వానలో తడిసి, రొప్పుతూ. ఆఫీసరు వచ్చాడు. తలలు లెక్కపెట్టాడు, పద్దెనిమిది. వెనక బెంచీ నుంచి ఒక పిల్లని లేపి చదవమన్నాడు. అది నా తరగతిలో అందరికంటే మొద్దు. పుస్తకం తెరిచి, వేలు పెట్టుకుని, రెండుచోట్ల ఆగి, ఒకచోట వెనక్కి వెళ్ళి దిద్దుకుని, పేజీ అంతా చదివేసింది. ఆయనకి తెలుగు రాదు. పిల్ల మొహం చూసి రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, ఫెర్రీ లేదు కదా, ఎలా వచ్చారని అడిగాడు. "చార్ లోగ్ లాయే, సాబ్. మైనే బోలా, ఉన్హోనే ఉఠాయా" అన్నాను, నేను చెప్పాను, వాళ్ళు ఎత్తారు అని. ఆయనకి ఏం అర్థమైందో తెలీదు గానీ తలూపాడు. మధ్యాహ్నం హెడ్‌మేడం తలుపు దగ్గరికొచ్చి, "సెక్షన్ ఉంటుంది. మీరూ ఉంటారు" అని చెప్పి గబగబా వెళ్ళిపోయింది. నేను బ్లాక్‌బోర్డు వైపు తిరిగి కాసేపు ఏడ్చాను. పిల్లలు చూశారు. చూస్తే చూడనీ.

సాయంత్రం బస్సు వద్దనుకున్నాను. నాలుగింటికి తిరుగు బోటు. నీళ్ళు బాగా తీశాయి, పొద్దుటికంటే బోటు ఇంకా కిందుంది. మనసు దీపావళి చిచ్చుబుడ్డిలా ఉంది గానీ ఒంట్లో ఓపిక లేదు, గొంతు కూడా లేదు. ఎలాగరా దేవుడా అనుకుంటూ జెట్టీ మీదికి వచ్చాను.

అక్కడ పని దిగి వచ్చిన మేస్త్రీ నిలబడి ఉన్నాడు. పక్కన ముగ్గురు. పొద్దుటివాళ్ళు కారు, కొత్తవాళ్ళు. వాళ్ళకి ఎవరు ఏ రాడ్డు పట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో, పొద్దున నేను చెప్పినట్టే ఆయన హిందీలో నేర్పుతున్నాడు. "హ్యాండిల్ నహీ పకడ్‌నా, నికల్ జాతా హై. దీదీకో ఛూనా భీ నహీ." వాళ్ళలో ఒకడు తొందరపడి నా చక్రం మీద చెయ్యి వేయబోతే ఆయన ఆ చెయ్యి తీసేశాడు.

తర్వాత తన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నా ముందు నిలబడ్డాడు. "బోలో, దీదీ" అన్నాడు.